ఆవిరైన నీళ్లకు లెక్క రాసేదెవరు?

ఉపగ్రహం ఎవరిదైనా కానియ్యి, కొలపాత్ర మాత్రం మన ముందర పెట్టి కొలవాలె

నిన్నటిదాకా నీళ్ల తగవు తూము దగ్గర జరిగింది. గేజి రాసేవాడి పుస్తకం దగ్గర జరిగింది. ట్రిబ్యునల్ ముందర వకీళ్ల ఫైళ్లలో జరిగింది. రేపటి తగవు ఉపగ్రహం తీసిన బొమ్మ మీద జరుగుతుంది. ఏ ఊరి పొలం ఎన్ని నీళ్లు తాగిందో, ఏ చెరువు కింద ఎంత నీరు ఆవిరై మొగులుకు పోయిందో ఒక యంత్రం లెక్కగడుతుంది. రంగుల పటం గీస్తుంది. ఇదే నిజం అని ఎవడో దాన్ని బల్ల మీద పెడతాడు. ఆ యంత్రానికి చదువు చెప్పిందెవరు? ఎవరి పొలం చూపించి చెప్పారు? దాని లెక్కలో తప్పెంత? ఈ మూడు ప్రశ్నలు ఇవాళ అడగకపోతే రేపు మన నీళ్ల లెక్క మనకు తెలియకుండానే తేలిపోతుంది.

ఇదంతా సైంటిస్టుల ముచ్చట, ఎవుసం చేసుకునేటోనికి ఎందుకు అనే పెద్దమనుషులున్నారు. టీఎంసీ అనే మాట కూడా ఒకప్పుడు ఇంజనీర్ల ముచ్చటే. దాన్ని సచివాలయం గోడలు దాటించి రచ్చబండ మీదికి తెచ్చింది ఉద్యమం. 811లో మన వాటా 299 ఎట్లయిందని చాయ్ హోటల్లో కూర్చున్న రైతు నిలదీసే దాకా తెచ్చింది. ఆ రైతే ఇప్పుడు ఇంకో మాట నేర్చుకోవాలి. ఇంగ్లీషులో దాని పేరు ఇవాపోట్రాన్స్‌పిరేషన్. మన మాటలో నేల ఆవిరి, పంట చెమట.

పోయిన నీళ్లేవి, తిరిగొచ్చే నీళ్లేవి

కాలువలో వదిలిన నీరంతా ఖర్చయిన నీరు కాదు. పొలానికి పారిన నీటిలో కొంత భూమిలోకి ఇంకి కింది బాయిలో, బోరులో తేలుతుంది. కొంత వాగులోకి జారి మళ్లీ నదిలో కలుస్తుంది. నిజంగా చెయ్యి దాటి పోయేది మొగులుకు పోయేదే. మడిలో నిలిచిన నీటి నుంచి, తడి నేల నుంచి లేచే ఆవిరి ఒకటి. వేరు తాగి ఆకు వదిలే చెమట ఇంకొకటి. పాఠ్యపుస్తకాలు మొదటిదాన్ని బాష్పీభవనం అంటాయి, రెండోదాన్ని బాష్పోత్సేకం అంటాయి. ఈ రెండింటి కూడికే పంట అసలు ఖర్చు. గేజి పుస్తకం ఎంత నీరు వదిలిందో చెబుతుందే తప్ప ఎంత నీరు పోయిందో చెప్పదు.

ఇది చిన్న లెక్క కాదు. ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు నీరంటే నాలుగు వేల లీటర్లకు పైన. 70 లక్షల ఎకరాల మీద ఒక్క మిల్లీమీటరు ఆవిరైతే ఒక టీఎంసీ. వేలెడు మందం కాదు, గోరు మందం తేడా వస్తే ఒక ప్రాజెక్టు కేటాయింపు అటుదిటు అవుతుంది.

ఈ తేడా బచావత్ ట్రిబ్యునల్‌కు తెలియంది కాదు. కృష్ణలో నూటికి 75 ఏళ్లు నమ్మదగిన నీరు 2,060 టీఎంసీలని తేల్చి, దానికి పునరుత్పత్తి జలాల పేరుతో 70 టీఎంసీలు కలిపి 2,130 చేసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు వచ్చిన 800 కాస్తా 811 అయింది అందుకే. పొలంలో పారి, ఆవిరి కాకుండా మిగిలి, నదికి తిరిగొచ్చే నీరన్న మాట. అయితే ఆ 70 టీఎంసీలు ఎవరూ పొలాల్లో నిలబడి కొలిచినవి కావు. ఇంత వాడితే ఇంత శాతం తిరిగొస్తుందని కాగితం మీద వేసినవి. అప్పటికి అంతకన్నా మార్గం లేదు. ఇప్పుడుంది. ఉన్న మార్గం ఎవరి చేతిలో ఉంటుందన్నదే ఇవాళ్టి పేచీ.

కుండ చల్లదనం, ఉపగ్రహం కన్ను

ఆవిరి కంటికి కనపడదు. ఉపగ్రహానికీ కనపడదు. అది చూసేది వేడిని. మట్టికుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయో మన అవ్వలకు తెలుసు. కుండ ఒళ్లంతా చెమటపట్టి ఆ తడి ఆవిరవుతుంటే వేడిని తనతో తీసుకుపోతుంది. పొలమూ అంతే. నీరు తాగుతున్న వరి చల్లగా ఉంటుంది. దూపతో ఉన్న చెల్క కాలుతుంటుంది. ఎండ రూపంలో నేలకు చేరిన శక్తిలో కొంత నేలను వేడి చేస్తుంది, కొంత గాలిని వేడి చేస్తుంది, మిగిలింది నీటిని ఆవిరి చేయడానికి ఖర్చవుతుంది. మొదటి రెండూ తీసేస్తే మూడోది తెలుస్తుంది. ఇందులో మాయేమీ లేదు, తీసివేత లెక్క.

ఉపగ్రహాలు రాకముందు ఈ లెక్కకు ఎండ, గాలి, తేమ, ఉష్ణోగ్రత కొలిచి వేసే సూత్రం ఉండేది. 1948లో పెన్‌మన్ మొదలుపెట్టాడు, 1965లో మాంటీత్ దాన్ని చెట్టూచేమకు అన్వయించాడు, 1998లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ దాన్ని లోకమంతటికీ ఒక పద్ధతిగా అచ్చేసింది. అయితే ఆ పద్ధతి నీటికి కరువు లేని పచ్చగడ్డి ఎంత చెమటోడుస్తుందో ముందు తేల్చి, దాన్ని పంటను బట్టి ఒక గుణకంతో హెచ్చిస్తుంది. నీళ్లందని చివరి ఆయకట్టు రైతు గోస ఆ సూత్రంలో దానంతట అది కనపడదు. 1990ల్లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్త బాస్టియాన్సెన్ సెబాల్ అనే పద్ధతి తెచ్చాడు. బొమ్మలో అన్నిటికన్నా కాలిన గడి ఒకటి, అన్నిటికన్నా చల్లని గడి ఒకటి పట్టుకుని, ఈ రెంటి మధ్య ప్రతి గడికీ ఆవిరి లెక్క కట్టడం దాని కిటుకు. అమెరికాలోని ఐడహో విశ్వవిద్యాలయంలో రిచర్డ్ అలెన్ బృందం దాన్నే సానబట్టి మెట్రిక్ అని పేరు పెట్టింది.

ఇదంతా ఎక్కడో దూరదేశం ముచ్చట అనుకోవద్దు. మన పటాన్‌చెరులో, ఇక్రిశాట్ ఆవరణలో ఆఫీసు ఉన్న అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ పరిశోధకులు సెబాల్‌ను కృష్ణా బేసిన్ మీద ప్రయోగించి 2006లోనే ప్రచురించారు. కృష్ణా బేసిన్ మూతబడుతోంది, సముద్రానికి చేరే నీరు పడిపోయింది అని అదే సంస్థ 2007లో నివేదిక ఇచ్చింది. మనం రోడ్ల మీద కూర్చుని మా నీళ్లేవి అని అడుగుతున్న రోజులవి. జవాబుకు కావాల్సిన బొమ్మ పటాన్‌చెరులో గీస్తున్నారు. ఆ బొమ్మ ఊర్లకు చేరలేదు.

యంత్రం ఎవరి బడిలో చదివింది?

ఇప్పుడు దీనికి మెషిన్ లెర్నింగ్ తోడైంది. దాన్ని చూసి భయపడాల్సిందీ లేదు, దండం పెట్టాల్సిందీ లేదు. లెక్కల మాస్టారు ముందు నూరు లెక్కలు జవాబులతో సహా చూపించి, నూట ఒకటోది నువ్వు చెయ్యమంటాడు చూడండి, అట్లాంటిది. యంత్రానికి ఒక చోటి వేడి, పచ్చదనం, ఎండ, గాలి, వాన చూపిస్తారు. ఆ చోట నిజంగా ఎంత ఆవిరైందో జవాబు చూపిస్తారు. వేల ఉదాహరణలు చూశాక అది కొత్త చోటికి జవాబు ఊహిస్తుంది.

ఆ జవాబులు ఎక్కడి నుంచి వస్తాయి? పొలం మధ్యలో, అడవి మధ్యలో పాతిన స్తంభాల నుంచి. ఎడ్డీ కోవేరియన్స్ టవర్లంటారు. గాలి సుడుల్ని, అందులోని తేమను సెకనుకు పది ఇరవై సార్లు కొలిచి పైకి పోతున్న ఆవిరిని తేలుస్తాయి. ప్రపంచంలో ఈ పనికి ఎక్కువగా వాడే సమాచార నిధి పేరు ఫ్లక్స్‌నెట్ 2015. అందులో 212 చోట్ల కొలతలున్నాయి. అమెరికావి ఉన్నాయి, యూరప్‌వి ఉన్నాయి, ఆస్ట్రేలియావి ఉన్నాయి. భారతదేశం నుంచి ఒక్కటి కూడా లేదు.

ఈ వాక్యం మళ్లొకసారి చదవండి. ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువ విస్తీర్ణంలో వరి నాటేది ఎక్కడో, ఎర్ర చెల్కల్లో పత్తీ కందీ కలిపి పెట్టేది ఎక్కడో ఆ దేశం ఈ బడి హాజరు పట్టికలోనే లేదు. మన దేశంలో టవర్లే లేవని కాదు. అక్కడొకటి అక్కడొకటి ఉన్నాయి. కానీ అందరూ వాడే పాఠ్యపుస్తకంలోకి అవి ఎక్కలేదు. పాలమూరు చెల్కను ఎన్నడూ చూడని యంత్రం పాలమూరు చెల్క ఎంత నీరు తాగిందో తీర్పు చెబుతుంది. కాలిఫోర్నియా బాదం తోటను చూసి నేర్చుకున్నది నల్లగొండ బత్తాయి తోట మీద ఊహ కడుతుంది.

యంత్రం ఊహ ఎక్కడ తప్పుతుందో కూడా తెలుసుకోవాలి. ఈ పనిలో ఎక్కువగా వాడే రాండమ్ ఫారెస్ట్ అనే పద్ధతి వందల చిన్న చిన్న నిర్ణయాల సగటు తీసి జవాబిస్తుంది. తాను చదివిన జవాబుల్లో అన్నిటికన్నా పెద్దదాన్ని మించి అది చెప్పలేదు, అన్నిటికన్నా చిన్నదాన్ని మించి కిందికి దిగలేదు. అంటే చదవని ఎండ వస్తే, చదవని కరువు వస్తే అది చదివిన దాని దగ్గరికే మనల్ని లాక్కుపోయి కూర్చోబెడుతుంది. నడిమధ్య ఏడాదిలో బాగానే చెబుతుంది. తగవు పడేది నడిమధ్య ఏడాదిలోనా? ట్రిబ్యునల్ గడప తొక్కేది కరువు ఏడాదిలో కదా!

గడి కింద నలిగిన గెట్టు

ఇక బొమ్మలోని గడి సంగతి. అమెరికా అంతరిక్ష సంస్థ మోడిస్ పరికరం ఆధారంగా ఎనిమిది రోజులకోసారి ఉచితంగా ఇచ్చే ఆవిరి పటంలో ఒక్కో గడి 500 మీటర్ల పొడవు, 500 మీటర్ల వెడల్పు. అంటే 25 హెక్టార్లు, దగ్గరదగ్గర 62 ఎకరాలు. 2015-16 వ్యవసాయ గణాంకాల ప్రకారం తెలంగాణలో సగటు కమతం ఒక హెక్టారు. ఒక్క గడిలో పాతిక మంది రైతులు. ఒకరిది వరి, ఒకరిది పత్తి, ఒకరిది మక్క, ఒకరిది నీళ్లు లేక పడావు పెట్టిన భూమి, మధ్యలో గుట్ట, ఒర్రె, తుమ్మచెట్లు. వీటన్నిటినీ ఒక కుండలో వేసి కలిపి సగటు రంగు పూస్తుంది. వందల ఎకరాలు ఒక్క తీరు పంట ఉన్న డెల్టాలో ఆ గడి నిజానికి దగ్గరగా ఉంటుంది. తునకలు తునకలుగా ఉన్న మన ఆయకట్టులో అబద్ధానికి దగ్గరగా ఉంటుంది. ఒకే కొలపాత్ర ఒక చోట నిండుగా, ఒక చోట వెలితిగా కొలిస్తే అది న్యాయమైన కొలపాత్ర ఎట్లవుతుంది?

ల్యాండ్‌శాట్ ఉపగ్రహం ఇంతకన్నా సన్నంగా చూస్తుంది. 2013లో ఎగిరిన ల్యాండ్‌శాట్-8 వేడిని 100 మీటర్ల గడిలో పట్టుకుంటుంది. సరిగ్గా ఒక హెక్టారు, మన సగటు కమతమంత. కానీ ఒక ఉపగ్రహం ఒక ఊరి మీదికి 16 రోజులకోసారి వస్తుంది. 2021లో ల్యాండ్‌శాట్-9 కూడా తోడైంది కాబట్టి ఇప్పుడు ఎనిమిది రోజులకోసారి. వచ్చిన రోజు మొగులు కమ్ముకుంటే ఆ బొమ్మ దండగ. వానకాలం నాట్లు పడే జూలై, ఆగస్టు నెలల్లో మన మీద మొగులు ఎన్ని రోజులుంటుందో చెప్పనక్కర్లేదు. ఆ ఖాళీని పూరించేది యంత్రం ఊహ. యాసంగిలో ఆకాశం తేటగా ఉంటుంది కాబట్టి బోరు కింద వరి పెట్టిన రైతు గుంట గుంటా దొరికిపోతాడు. వానకాలంలో పెద్ద కాలువల కింద నిండా పారిన నీరు మాత్రం మొగులు చాటున ఉండిపోతుంది.

అన్నిటికన్నా పెద్ద మెలిక వేరే ఉంది. ఆవిరైన నీరు ఏ నీరో పటం చెప్పదు. వాన నీరా, కాలువ నీరా, చెరువు నీరా, బోరు నీరా అన్నది రంగులో ఉండదు. వాన వాటాను విడిగా లెక్కగట్టి తీసేయాలి. తీసేవాడు ఎట్లా తీశాడన్నదే అసలు కథ. వానకు పండిన మక్కను చెరువు ఖాతాలో రాస్తే చెరువు తాగని నీరు తాగినట్టవుతుంది. బోరు కింద వరిని ప్రాజెక్టు ఖాతాలో రాస్తే ప్రాజెక్టు నిండా పారినట్టవుతుంది.

45 టీఎంసీల పేచీ

ఇది ఊరికే చెబుతున్న భయం కాదు. పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలకు 90 టీఎంసీలు ఎక్కడివని అడిగితే, 2022లో తెలంగాణ ప్రభుత్వం రెండు ముక్కలుగా చూపింది. గోదావరి మళ్లింపుకు బదులుగా రావాల్సినవి 45. చిన్ననీటి వనరులకు ఉన్న కేటాయింపులో వాడకుండా మిగిలినవి 45. ఆంధ్రప్రదేశ్ ఒప్పుకోలేదు. కృష్ణా బేసిన్‌లోని మన చెరువులు, కుంటలు సుమారు 90 టీఎంసీల కేటాయింపులో నిజంగా ఎంత తాగుతున్నాయి? సగమే అంటే పాలమూరుకు నీళ్లున్నాయి. మొత్తమూ అంటే లేవు. దశాబ్దాలుగా ముంబై బస్సు ఎక్కిన జిల్లా నుదుటి గీత చెరువు కింద ఆవిరి లెక్క మీద నిలబడి ఉంది.

2023 అక్టోబరులో కేంద్రం రెండు రాష్ట్రాల మధ్య పంపకం తేల్చమని బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్‌కు కొత్త విచారణాంశాలు ఇచ్చింది. ఇలాంటి విచారణల్లోకి ఉపగ్రహం పటాలు రాకుండా ఉండవు. వచ్చినప్పుడు 62 ఎకరాల గడితో గీసిన పటం వస్తుందా, వాన వాటా తీసిన పటం వస్తుందా, మన నేల మీద పరీక్షకు నిలిచిన పటం వస్తుందా? ఏది వస్తుందో ఇప్పుడే పట్టించుకోవాలి.

ఇదే కొలపాత్ర సరిగ్గా పడితే మనకు ఆయుధం కూడా. ఆర్డీఎస్‌కు తెలంగాణ కింద 15.9 టీఎంసీల కేటాయింపు ఉంది. ఆయకట్టు 87,500 ఎకరాలు. చివరి తూము దాకా నీళ్లు రావని ఎన్ని దరఖాస్తులు, ఎన్ని ధర్నాలు! ల్యాండ్‌శాట్ పాత బొమ్మలు 2008 నుంచి ఎవరికైనా ఉచితం. వేడి చూసే కన్ను దానికి 1980ల నుంచే ఉంది. ఏ యాసంగిలో ఏ ఊరి ఆయకట్టు తడిసిందో, ఏది ఎండిందో దొరికిన బొమ్మలన్నీ వరస పెట్టి చూపించవచ్చు. గేజి పుస్తకం దిద్దినవాడు ఆకాశం పుస్తకం దిద్దలేడు.

కృష్ణా డెల్టా కేటాయింపు 181.2 టీఎంసీలు, ఆయకట్టు 13 లక్షల ఎకరాలు. ఆ నీరంతా ఆ ఆయకట్టు మీద పరిస్తే మీటరుకు కొంచెం తక్కువ మందం వస్తుంది. అక్కడ పడే వాన అదనం. ఇందులో వరి తాగి ఆవిరి చేసిందెంత, డ్రెయిన్ల గుండా సముద్రానికి పోయిందెంత? ఉప్పునీరు పైకి ఎగదన్నకుండా కొంత నీరు పోవాల్సిందే, ఒప్పుకుందాం. ఆ కొంత ఎంత? ఇక్కడ మన చెల్కలో ఇంకిన నీరు మన బోరులోనే తేలుతుంది, డెల్టా చివర డ్రెయిన్‌లో పడ్డ నీరు ఇక ఎవరికీ తేలదు. ఈ ప్రశ్న డెల్టా రైతు మీద కోపంతో అడగడం లేదు. ఆ రైతు కాలువలో వచ్చింది వాడుకున్నాడు. లెక్క చెప్పాల్సింది కాలువ తాళంచెవి చేతిలో పెట్టుకున్నవాళ్లు.

పట్టుబట్టినవాడికి కన్ను దొరికింది

అమెరికా పశ్చిమ రాష్ట్రాల కథ మనం తెలుసుకోవాలి. ల్యాండ్‌శాట్-8 మొదటి ప్రణాళికలో వేడిని చూసే పరికరమే లేదు. ఖర్చని తీసి పక్కన పెట్టారు. ఐడహో వంటి రాష్ట్రాల నీటి శాఖలు అడ్డం పడ్డాయి. ఆ కన్ను లేకుంటే మా నీటి హక్కుల లెక్క ఎట్లా అని పట్టుబట్టాయి. తర్వాత చేర్చారు. ఉపగ్రహంలో ఏ పరికరం ఉండాలో కూడా అడిగినవాడే నిర్ణయిస్తాడన్న మాట.

2021లో ఓపెన్ ఈటీ పేరుతో అక్కడ ఒక సేవ మొదలైంది. ఒక్క పద్ధతిని నమ్మకుండా ఆరు పద్ధతులతో లెక్కగట్టి, వాటిని కలిపి, పొలం పొలానికీ ఆవిరి లెక్క బహిరంగంగా పెట్టింది. ఎవరి పొలం లెక్క వాళ్లు చూసుకోవచ్చు, తప్పుంటే తప్పని చెప్పవచ్చు. 2022లో కొలరాడో నది ఎగువ రాష్ట్రాలు నాలుగు, అంటే కొలరాడో, యూటా, వయోమింగ్, న్యూ మెక్సికో, పంటలు తాగిన నీటిని ఒకే ఉపగ్రహ పద్ధతిలో లెక్కగట్టాలని తమ ఉమ్మడి కమిషన్‌లో ఒప్పుకున్నాయి. నీళ్ల కోసం ఒకదాన్నొకటి నమ్మని రాష్ట్రాలే అవి కూడా. కృష్ణ మీద నాలుగు రాష్ట్రాలున్నాయి. నాలుగూ కలిసి ఒక కొలపాత్ర ఒప్పుకోవడానికి అడ్డమేమిటి? టెలిమెట్రీ యంత్రాలు ఎక్కడ పెట్టాలన్న దాని మీదే ఏళ్లకేళ్లు కొట్లాడుకున్న బోర్డు దీన్ని తనంతట తాను చేస్తుందని ఎదురుచూస్తే తెల్లారదు.

అంత పకడ్బందీగా చేసిన ఓపెన్ ఈటీలో తప్పెంతో కూడా వాళ్లు దాచలేదు. 152 టవర్ల కొలతలతో సరిచూసి 2024లో ప్రచురించారు. పంట పొలాల మీద నెలవారీ లెక్కలో సగటు తేడా 15.8 మిల్లీమీటర్లు, నూటికి 17 వంతులు. దీన్ని మన లెక్కలోకి మార్చి చూద్దాం. పది లక్షల ఎకరాల మీద నెలకు 15.8 మిల్లీమీటర్లు ఒకే దిక్కుకు తప్పితే నాలుగు నెలల పంటకు 9 టీఎంసీలు. బచావత్ మూసీ ప్రాజెక్టుకు ఇచ్చింది 9.4. నిజమే, తప్పులన్నీ ఒకే దిక్కుకు పోవు, పెద్ద విస్తీర్ణంలో కొంత పైకి, కొంత కిందికి పోయి చెల్లిపోతాయి. చెల్లకుండా మిగిలే వాలు అక్కడ నెలకు 5.3 మిల్లీమీటర్లని తేలింది. దాని ప్రకారమైనా పది లక్షల ఎకరాలకు, నాలుగు నెలలకు 3 టీఎంసీలు. కోయిల్‌సాగర్ కేటాయింపు 3.9. ఇది అడుగడుగునా టవర్లున్న దేశంలో తప్పు. మన నేలను చూడని యంత్రం మన నేల మీద ఎంత తప్పుతుందో, ఇక్కడ టవరు పాతి సరిచూస్తే తప్ప ఎవరూ చెప్పలేరు. చెప్పలేని తప్పున్న అంకెను తీర్పులో రాయడానికి ఎవరికీ అధికారం లేదు.

సంస్థలన్నీ పట్నంలోనే, పొలాలు మాత్రం చీకట్లో

మనకు లేనిది తెలివి కాదు. ఉపగ్రహ సమాచారం చూసే జాతీయ సంస్థ ఎన్‌ఆర్‌ఎస్‌సీ బాలానగర్‌లో ఉంది. దాని బొమ్మలు దించుకునే కేంద్రం షాద్‌నగర్‌లో, అంటే పాత పాలమూరు జిల్లా గడ్డ మీద ఉంది. మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ క్రీడా సంతోష్‌నగర్‌లో ఉంది. ఇక్రిశాట్ పటాన్‌చెరులో ఉంది. జయశంకర్ సార్ పేరు పెట్టుకున్న వ్యవసాయ విశ్వవిద్యాలయం, వాలంతరి రెండూ రాజేంద్రనగర్‌లో ఉన్నాయి. ప్రపంచంలో ఏ పట్నానికి ఇన్ని సంస్థలు ఒక్కచోట దొరుకుతాయి? ఉపగ్రహం బొమ్మ పాలమూరు గడ్డ మీద దిగుతుంది, పాలమూరు రైతుకు మాత్రం తన చెరువు కింద ఎంత నీరు ఆవిరైందో తెలియదు. ఆంధ్రా పాలకుల కాలంలో వివక్ష అన్నాం, అది నిజం. 2014 జూన్ 2 తర్వాత కుర్చీలో మనవాళ్లే ఉన్నారు. ఏ జెండా కింద కూర్చున్నా ఈ పని చేయకపోవడానికి ఇక సాకు లేదు.

రేపు ఇస్రో, ఫ్రాన్స్ అంతరిక్ష సంస్థ సీఎన్‌ఈఎస్ కలిసి తలపెట్టిన ఉపగ్రహం పేరు తృష్ణ. వేడిని 57 మీటర్ల గడిలో, సుమారు మూడు రోజులకోసారి చూడాలన్నది దాని లక్ష్యం. పేరులోనే దూప ఉంది. అది ఎగిరే నాటికి మన నేల మీద టవర్లు పాతి ఉండాలి. లేకుంటే ఉపగ్రహం మనదే అయినా పాఠం మళ్లీ ఎవరి పొలంలోదో అవుతుంది.

కాబట్టి అడగాల్సినవి సూటిగా అడుగుదాం. ఎర్ర చెల్కలో, నల్ల రేగడిలో, చెరువు ఆయకట్టులో, కాలువ ఆయకట్టులో, బోరు కింద వరిలో టవర్లు పాతాలి. విశ్వవిద్యాలయం కంచె లోపల కాదు, రైతు పొలంలో పాతాలి. అన్నే టవర్లు డెల్టాలో, ఎగువ రాష్ట్రాల ఆయకట్టులో కూడా ఉండాలి, నాలుగింటికీ ఒకే కొలపాత్ర కావాలి. కొలతలు, లెక్కగట్టిన పద్ధతి, యంత్రానికి చూపిన ఉదాహరణలు అన్నీ బయట పెట్టాలి. ప్రతి నదీ బేసిన్‌కు సమాచార నిధి నడపాలని అంతర్రాష్ట్ర జల వివాదాల చట్టంలో 2002లోనే కొత్త నిబంధన చేర్చారు, దాన్ని పనిలో పెట్టమనే అడుగుతున్నాం. తప్పెంతో రాయని పటాన్ని ఏ ట్రిబ్యునల్ కూడా చేతితో ముట్టుకోవద్దు. వాన నీటి వాటా వేరుగా, పారిన నీటి వాటా వేరుగా చూపించాలి. ఊరూరి లెక్క తెలుగులో గ్రామపంచాయతీ గోడ మీద రాయాలి.

ఇంకొక్క మాట గట్టిగా చెప్పాలి. ఈ లెక్క ప్రాజెక్టులకు, రాష్ట్రాలకు. రెండెకరాల రైతు నెత్తి మీద కొట్టే కర్ర కావద్దు. బోరు మోటరుకు మీటరు వద్దన్న రైతుకు ఆకాశం నుంచి మీటరు బిగిస్తామంటే ఊరుకునేది లేదు. పాతిక మందిని ఒక గడిలో కలిపి చూసే కన్నుకు ఒక్కొక్కడి మీద నేరం మోపే హక్కు లేదు.

లెక్క మనకు వ్యతిరేకంగా వస్తే ఏం చేస్తారని కొందరు మిత్రులు అడుగుతున్నారు. చెరువులు 45 కాదు, 60 తాగుతున్నాయని తేలితే? తేలనీయండి. మన కళ్ల ముందు, మన నేల మీద, అందరికీ ఒకే కొలపాత్రతో కొలిచిన లెక్క అయితే ఒప్పుకుందాం, పాలమూరుకు నీళ్లు ఇంకో తొవ్వలో కొట్లాడి తెచ్చుకుందాం. మనం అడిగింది ఎన్నడూ అదనం కాదు, వాటా. వాటా అడిగేవాడు నిజం లెక్కకు భయపడడు. భయపడాల్సింది గేజి పుస్తకాలు దాచుకున్నవాళ్లు.

మొగులుకు పోయిన నీరు మళ్లీ వానై ఎక్కడ పడుతుందో మన చేతిలో లేదు. పోయినదెంతో రాసే పుస్తకం మాత్రం మన చేతిలో ఉండాలి. టవరు ఎప్పుడు పాతుతారో చెప్పమని మీ మండలం నుంచే ఒక దరఖాస్తు పెట్టండి. జవాబు రాకపోతే ఏం చేయాలో తెలంగాణకు ఎవరూ నేర్పనక్కర్లేదు.